సమయధర్మము – సైబరాబాదు సంస్థల ప్రవర్తనానియమావళి

'సమయ' శబ్దమునకు కాలమను అర్థమే నేడు లోకమున ప్రసిద్ధము. కోశకారులు దానికి ఆచారము, శపథము, సిద్ధాంతము అను అర్థములను, పలువురు కలిసి పరస్పరాంగీకారముతో ఏర్పఱచుకొనిన కట్టుబాటు అను అర్థమును గూడ చెప్పియున్నారు. ధర్మశాస్త్రములలోని వ్యవహారభాగమున ఈ చివరి అర్థమే గ్రాహ్యము. నారదస్మృతియందలి వ్యవహారపదములలో 'సమయస్యానపాకర్మ' ఒకటి. ఆ విషయమునే యాజ్ఞవల్క్యుడు 'సంవిద్వ్యతిక్రమము' అను పేర విచారించెను. శ్రేణులు, నైగములు, గణములు మున్నగు సమూహములు తమలో తాము చేసికొనిన నియమమును ఉల్లంఘించినవానిని ఏమి చేయవలెనన్న ప్రశ్న అచటి విచారణీయాంశము. నేటి వ్యాపారసంస్థలు 'ప్రవర్తనానియమావళి' అని పిలుచుచున్న పత్రమునకు శాస్త్రసంప్రదాయమున సమీపమైన పదమును వెదకినచో, అది 'సమయము' అనునదే.

ఈ పోలిక పదవినోదముకొఱకు చెప్పినది కాదు. సమయమునకు రెండు లక్షణములు కలవు. అది సమూహమునందలివారి అంగీకారమువలన పుట్టును. సమూహమునకు పెద్దయైనవాడును దానికి బద్ధుడై యుండును. ఈ రెంటిలో ఏది లోపించినను మిగులునది ఆజ్ఞాపత్రము మాత్రమే. హైదరాబాదు నగరమున హైటెక్ సిటీ, సైబరాబాదు ప్రాంతములలోని సంస్థల అనుభవమును ఈ లక్షణములతో పరీక్షించినచో, నియమావళులు ఎచట విఫలమగుచున్నవో స్పష్టముగా తెలియును.

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అటుపిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములు సాఫ్ట్‌వేరు సంస్థలకు నెలవులైనవి. ఆ వృద్ధికి తెలుగువారు గర్వించిన ప్రతీకలలో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ముఖ్యమైనది. 1987లో స్థాపింపబడిన ఆ సంస్థ 2001లో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైనది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లియందు విద్య ముగించిన శిష్యునకు ఆచార్యుడు చేయు మొదటి ఉపదేశము సత్యమును గూర్చినదే. అట్టి పదమును పేరుగా ధరించిన సంస్థ అది.

2008 డిసెంబరు 16న సత్యం డైరెక్టర్ల మండలి, సంస్థాధ్యక్షుని కుటుంబమునకు సంబంధించిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అను రెండు సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుటకు తీర్మానించెను. సత్యం అను పేరులోని ఆంగ్లాక్షరములను వెనుకనుండి ముందునకు చదివినచో మేటాస్ అగును. వాటాదారుల ఆగ్రహముచే కొన్ని గంటలలోనే ఆ తీర్మానము ఉపసంహరింపబడెను. 2009 జనవరి 7న అధ్యక్షుడు బి. రామలింగరాజు మండలికి పంపిన లేఖతో అసలు సంగతి బయటపడెను. లెక్కలలో 5,361 కోట్ల రూపాయలుగా చూపిన నగదు, బ్యాంకునిల్వలలో 5,040 కోట్లు లేనేలేవు. రాని వడ్డీ 376 కోట్లు వచ్చినట్లు వ్రాయబడినది. 1,230 కోట్ల అప్పు దాచబడినది. రావలసిన బాకీలు 490 కోట్ల మేర పెంచి చూపబడినవి. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికమున నిర్వహణలాభము 649 కోట్లని ప్రకటింపగా, యథార్థముగా వచ్చినది 61 కోట్లే. మొదట చిన్నదిగా నున్న వ్యత్యాసము ఏటేట పెరిగినదనియు, లేని ఆస్తులస్థానమున ఉన్న ఆస్తులను నింపుటకే మేటాస్ కొనుగోలు ప్రయత్నము జరిగినదనియు ఆ లేఖయందే ఒప్పుకొనబడినది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేకన్యాయస్థానము రామలింగరాజుతోసహా పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల శిక్ష విధించెను. మఱుసటి నెలలో పైన్యాయస్థానము శిక్ష అమలును నిలిపి, అప్పీలుకాలమునకు బెయిలు మంజూరు చేసెను.

ఈ వృత్తాంతము సుపరిచితమే. ఇచట గమనింపదగిన అంశము మఱియొకటి కలదు. ఆ సంస్థకు నియమములు లేకపోలేదు. స్టాక్ ఎక్స్ఛేంజిలలో నమోదైన సంస్థలు పాటింపవలసిన లిస్టింగు ఒప్పందములోని 49వ నిబంధన, సవరింపబడిన రూపమున, 2006 జనవరినుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము డైరెక్టర్లకును, ఉన్నతోద్యోగులకును ప్రవర్తనానియమావళి ఉండవలెను. దానిని పాటించుచున్నట్లు వారు ఏటేట ధ్రువపఱుపవలెను. ఆ సంగతిని తెలుపు ప్రకటనపై సంస్థ ముఖ్యకార్యనిర్వాహకుడు సంతకము చేయవలెను. న్యూయార్కు నమోదు కారణముగా అమెరికాదేశపు 2002 నాటి సార్బేన్స్–ఆక్స్‌లీ చట్టము కూడ ఆ సంస్థకు వర్తించెను. మండలియందు విశ్వవిఖ్యాత విశ్వవిద్యాలయాచార్యుడు, కేంద్రప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి, గచ్చిబౌలిలోని ప్రసిద్ధ వ్యాపారవిద్యాసంస్థకు డీన్‌గా నున్నవారు డైరెక్టర్లుగా నుండిరి. సుపరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారము 2008లోనే ఆ సంస్థకు లభించెను. నిజము వెల్లడియైన పిదప ఉపసంహరింపబడెను. అమెరికాలో 2001లో కూలిపోయిన ఎన్‌రాన్ సంస్థకు సైతము 64 పుటల నీతినియమావళి ఉండెడిది. కావున పత్రము ఉండుట వేఱు, సమయము ఉండుట వేఱు అని ఈ రెండు ఉదాహరణములవలన తేలుచున్నది.

దీనిపై మూడు పూర్వపక్షములు వినవచ్చుచున్నవి. నీతి వ్యక్తిస్వభావమునకు చెందినది, సచ్ఛీలుడు పెద్దగా నున్నచో పత్రములతో పనిలేదు అనునది మొదటిది. నియమావళి ఉన్నను లేకున్నను తప్పు చేసినవానిని దండించుటకు చట్టము చాలునని రెండవది. సంస్థ సమాజమునకు చేయు మేలునుబట్టియే దాని ధర్మనిష్ఠను నిర్ణయింపవలెనని మూడవది.

మొదటి పక్షమును కౌటిల్యుడు అంగీకరింపడు. ఆయన అమాత్యులను ధర్మ, అర్థ, కామ, భయములను నాలుగు ఉపధలచే పరీక్షింపుమనెను. పరీక్షయందు నెగ్గినవారిని నియోగించిన తరువాతను వారిని నమ్మి ఊరకుండుమని చెప్పలేదు. అధ్యక్షప్రచారాధికరణమున, ఉద్యోగులు రాజధనమును అపహరించు నలువది మార్గములను లెక్కించి చూపెను. నీటిలో తిరుగు చేప నీరు త్రాగుచున్నదో లేదో తెలియనట్లు, ధనాధికారియందు అపహరణమును గుర్తించుట కష్టమన్న ఆయన దృష్టాంతము పండితలోకమునకు పరిచితమే. శీలము ముఖ్యమైనను, శీలమునకు సాక్షియుండుట అంతకంటె తక్కువ ముఖ్యము కాదని ఆయన తాత్పర్యము.

రెండవ పక్షమునకు సత్యం వృత్తాంతమే సమాధానము. లేఖ వెలువడిన నాటికి ఆ సంస్థయందు సుమారు 53,000 మంది ఉద్యోగులు ఉన్నట్లు చెప్పబడినది. తప్పు చేయనివారి జీతములు, గృహఋణములు, భవిష్యత్తు ఒక్క ఉదయమున అనిశ్చితములైనవి. కేంద్రప్రభుత్వము రెండు దినములలో పాతమండలిని తొలగించి, కిరణ్ కార్ణిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్ గార్లతో క్రొత్త మండలిని నియమించుటయు, 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థ దానిని చేపట్టుటయు జరుగకున్నచో ఆ కుటుంబముల గతి ఏమయ్యెడిదో ఊహింపవచ్చును. దోషనిర్ణయమునకు మాత్రము ఆఱేండ్లు పట్టినది. దండము ఫలించుటకు ముందే నష్టము ఫలించును. కావున నష్టమును ముందుగా కనిపెట్టు ఉపాయము సంస్థలోపలనే ఉండవలెను.

మూడవ పక్షము మిక్కిలి సున్నితమైనది. 2005లో హైదరాబాదున ప్రారంభమై పిదప పలు రాష్ట్రములకు విస్తరించిన 108 అత్యవసరసేవను స్థాపించినది ఆ రామలింగరాజు గారే. గ్రామములలో ఆయన కుటుంబపు ధర్మసంస్థ చేసిన పనియు తక్కువది కాదు. 108 వాహనముచే ప్రాణములు దక్కినవారి కృతజ్ఞత సహజము, ఉచితము. అయినను, శాస్త్రమున పూర్తకర్మ వేఱు, వ్యవహారశుద్ధి వేఱు. చెఱువు త్రవ్వించుట, అన్నసత్రము కట్టించుట పూర్తము. ఋణమును తీర్చుట, లెక్కను నిజముగా చెప్పుట వ్యవహారము. ఒకదానిచే మఱియొకటి తీఱునని ఏ స్మృతికారుడును చెప్పలేదు. 2013 నాటి కంపెనీల చట్టము, నిర్ణీతపరిమాణము గల సంస్థలు సగటు లాభములో కనీసము రెండు శాతము సామాజికకార్యములకు వెచ్చింపవలెనని 135వ సెక్షనులో విధించెను. ఈ వ్యయమును నీతికి కొలబద్దగా చూపు అలవాటు సంస్థల వార్షికనివేదికలలో కనిపించుచున్నది. దానము ప్రశంసనీయమే, అది లెక్కలకు ప్రాయశ్చిత్తము కాజాలదు.

ఇక సత్యం వృత్తాంతమున లోపించినదేమి? విచారించినచో మూడు అంశములు తేలును.

మొదటిది నీవీదర్శనము. అర్థశాస్త్రమున 'నీవి' యనగా ఆయవ్యయములు పోగా మిగిలిన నిల్వ. అక్షపటలప్రకరణమున కౌటిల్యుడు విధించిన పద్ధతి విశేషమైనది. లెక్కలు వ్రాయువారు ఆషాఢమాసమున రాజధానికి రావలెను. ముద్రవేసిన పుస్తకములతోపాటు మిగిలిన నిల్వను కూడ తేవలెను. వచ్చినవారు ఒకరితో నొకరు మాటలాడకుండ కట్టడి చేయవలెను. పుస్తకమును మాత్రమే చూచి నిల్వను నమ్మరాదనియు, సాక్షులు కూడబలుకుకొనరాదనియు ఇందలి ఆంతర్యము. సత్యం లెక్కలను 2000నుండి ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థ పరీక్షించుచుండెను. బ్యాంకునిల్వలను, బాకీలను నిర్ధారించుకొను విధానమును ఆడిటర్లు సక్రమముగా పాటింపలేదని అమెరికా సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజి కమిషను 2011లో తప్పుపట్టి, ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయశాఖలపై 60 లక్షల డాలర్ల జరిమానా విధించెను. బ్యాంకునే నేరుగా అడిగి సరిచూచుకొనవలసిన సంఖ్య అది. కౌటిల్యుని ఆషాఢనియమములోని ఒక్క అంశము నిలిచియున్నను, 5,040 కోట్లు అన్నియేండ్లు కాగితముపై నిలిచియుండెడివి కావు. ఏ అధికరణమునందైనను ఒకే వ్యక్తి చిరకాలముండరాదని కూడ ఆయన చెప్పెను. 2013 చట్టము 139వ సెక్షనులో, నమోదైన సంస్థలకు ఆడిటు సంస్థ ఐదేండ్ల చొప్పున రెండు పర్యాయములకు మించి వరుసగా ఉండరాదని నిర్ణయించుటలో ఈ న్యాయమే కనిపించును.

రెండవది సూచకరక్షణము. అపహరణమును తెలిపి నిరూపించిన సూచకునకు ఆ ధనములో ఆఱవవంతును, అతడు భృత్యుడైనచో పండ్రెండవవంతును ఇయ్యవలెనని అర్థశాస్త్రము చెప్పుచున్నది. నిరూపింపలేనివానికి దండనమును చెప్పుచున్నది. నేటి పత్రికలు ప్రజావేగు అని పిలుచువాడు ఆనాటి సూచకుడే. 2008 డిసెంబరులో, సంస్థలోని లోపాయికారి వ్యవహారమును సూచించుచు ఒక డైరెక్టరునకు మారుపేరుతో ఒక లేఖ వచ్చినది. సొంత పేరుతో వ్రాయుటకు ధైర్యము చాలని పరిస్థితి ఆ మారుపేరులోనే తెలియుచున్నది. 2013 చట్టము 177వ సెక్షనున, నమోదైన సంస్థలన్నిటను ఫిర్యాదుమార్గము ఉండవలెననియు, ఫిర్యాదుదారుని వేధింపరాదనియు, ఆవశ్యకమైనచో అతడు ఆడిటు సంఘాధ్యక్షుని నేరుగా కలియవచ్చుననియు విధింపబడినది. 2019లో సెబీ, అంతరంగసమాచారముతో వాటాల వ్యాపారము చేయువారిని గూర్చి తెలిపినవారికి, గరిష్ఠపరిమితికి లోబడి, వసూలైన సొమ్ములో పదవవంతువఱకు బహుమానము కల్పించెను. ఇది యొక్క నేరమునకే పరిమితమైనది. మిగిలినవాటియందు సూచకుని క్షేమము నేటికిని సంస్థాధికారుల సౌజన్యముపై ఆధారపడియున్నది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, కార్యచింతకుల బద్ధత. సమూహమునకు హితము చెప్పు కార్యచింతకులు ధర్మము తెలిసినవారై, శుచులై, లోభరహితులై యుండవలెనని యాజ్ఞవల్క్యుని విధి. అట్టివారి మాటనే సమూహము వినవలెనని దాని ఫలితార్థము. నేటి డైరెక్టరు పదవికి ఇంతకంటె సమీపమైన పదము శాస్త్రమున లేదు. 'అలుబ్ధ' యను విశేషణమునకు నేటి భాషలో స్వప్రయోజనసంఘర్షణ లేనివాడని చెప్పవచ్చును. అధ్యక్షుని కుటుంబసంస్థలను కొనుటకు మండలి సమ్మతించిన దినమున లోపించినది ఈ గుణమునకు సంబంధించిన పరీక్షయే. మేధస్సు, ఖ్యాతి ఆ మండలియందు పుష్కలముగా నుండెను. కాని యాజ్ఞవల్క్యుని పట్టికయందు ఖ్యాతికి స్థానము లేదు. 2013 చట్టము నాల్గవ షెడ్యూలులో స్వతంత్ర డైరెక్టర్లకు ప్రత్యేకనియమావళిని చేర్చి, 166వ సెక్షనున డైరెక్టర్లందఱి విధులను స్పష్టపఱచుట మేలైన పనియే.

చట్టము ఇన్ని లోపములను సరిదిద్దినను, సమయమునకు మొదటి లక్షణమైన అంగీకారము సంగతి అట్లే మిగిలియున్నది. సైబరాబాదు సంస్థలలో నియమావళిని క్రొత్తగా చేరిన ఉద్యోగి కంప్యూటరుపై తెఱచి, పుటలు దాటించి, అంగీకరించితినని ఒక్క మీట నొక్కును. ఏటేట మఱల నొక్కును. ఆ నియమములు చేయుటలో అతనికి పాత్ర లేదు. వానిపై ప్రశ్నించు సభయు లేదు. 2022 సెప్టెంబరులో, తమ సంస్థ ఉద్యోగముతోపాటు పోటీసంస్థలలోను పనిచేయుచున్న 300 మందిని తొలగించినట్లు విప్రో అధ్యక్షుడు రిషద్ ప్రేమ్‌జీ ప్రకటించిరి. రెండు చేతులతో రెండు జీతములు తీసికొని యజమానికి తెలియనీయకుండుట సమయభంగమే; దానిని సమర్థింప నవసరము లేదు. కాని ఆ చర్చ జరిగిన రోజులలో ఉద్యోగులు అడిగిన ఒక ప్రశ్నకు తగిన సమాధానము రాలేదు. చట్టము 165వ సెక్షను ప్రకారము ఒక వ్యక్తి ఇరువది సంస్థలలో, అందు పది పబ్లిక్ కంపెనీలలో, ఏకకాలమున డైరెక్టరుగా ఉండవచ్చును. డైరెక్టరు పని దినమంతయు చేయునది కాదను సమాధానము సత్యమే. అయినను, పలు సంస్థల రహస్యములు ఒక్కని చెవిలో చేరుట ఎచట ఎంతవఱకు ఉచితమన్న విచారణ పైవారికిని, క్రిందివారికిని ఒకే న్యాయముతో జరిగినప్పుడే నియమము సమయమగును.

భాష మఱియొక చిక్కు. హైటెక్ సిటీ భవనములకు కావలి కాయువారు, పారిశుద్ధ్యపు పని చేయువారు, రాత్రివేళ ఉద్యోగులను ఇండ్లకు చేర్చు డ్రైవర్లు, భోజనశాలలలో వండువారు తెలుగు, హిందీ, ఉర్దూ మాటలాడువారే అధికము. వారిలో పలువురు గుత్తేదారులద్వారా వచ్చినవారు. తప్పు చేసినచో నియమము వారిపై తక్షణము ప్రయోగింపబడును. తమకు అన్యాయము జరిగినచో ఎవరికి చెప్పుకొనవలెనో తెలుపు పత్రము మాత్రము ఆంగ్లమున నుండును. తెలుగుదేశమున ఈ విషయమున పూర్వాదర్శములు కలవు. 13వ శతాబ్దియందే కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆధారము చేసికొని ధర్మశాస్త్రమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆ శతాబ్దియందే కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనమును స్తంభముపై చెక్కించెను. తుఫానుచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులవలె హరింపక, నిర్ణీతమైన సుంకమును మాత్రమే గ్రహింతునని రాజు తనకు తానే హద్దు విధించుకొని, దానిని వర్తకులందఱు చూచు చోట నిలిపెను. ఆ కాలపు వర్తకసంఘములు తమ సంఘమునకే 'సమయము' అని పేరు పెట్టుకొనినట్లు శాసనములలో కనిపించుచున్నది. కట్టుబాటు పోయినచో సంఘమే లేదను భావము ఆ వాడుకలో ఇమిడియున్నది.

ఇట్లు చెప్పుటచే స్మృతులను యథాతథముగా నేటి సంస్థలకు తగిలింపవలెనని అర్థము కాదు. స్మృతులలోని దండనములు వర్ణభేదముననుసరించి మారును. నేటి రాజ్యాంగము అట్టి తారతమ్యమును అంగీకరింపదు, అంగీకరింపరాదు. కౌటిల్యుని సూచకుడు రాజుకొఱకు పనిచేయువాడు. నేటి సూచకుడు వాటాదారులకు, తోడి ఉద్యోగులకు, ప్రజలకు కూడ బాధ్యుడు. ప్రాచీనగ్రంథములందు గ్రహింపదగినది పరీక్షాపద్ధతి. నిల్వను కన్నులతో చూడుట, చూచువారిని మార్చుచుండుట, చెప్పినవానిని కాపాడుట, పెద్దను ముందుగా నియమమునకు లోబఱచుట అనునవి అందలి సారము. ఇవి ఏ వర్ణమునకు, ఏ మతమునకు, ఏ దేశమునకు ప్రత్యేకములు కావు.

ఈ విషయమున ప్రాచ్యకళాశాలలకును ఒక కర్తవ్యము కలదు. వ్యవహారాధ్యాయమును దాయవిభాగమునకే పరిమితముచేసి బోధించుట చిరకాలముగా అలవాటైనది. సంవిద్వ్యతిక్రమ, సంభూయసముత్థాన ప్రకరణములు పరీక్షలలో అరుదుగా అడుగబడుచున్నవి. సంభూయసముత్థానమున, భాగస్థులలో కుటిలముగా వ్యవహరించినవానిని లాభము లేకుండ తొలగింపవలెనన్న విధిని, సత్యం వృత్తాంతము ఎఱిగిన విద్యార్థికి బోధించుట సులభము. పరిశోధకులు ఈ ప్రకరణములను అర్థశాస్త్రముతోను, 2013 కంపెనీల చట్టముతోను పోల్చి సిద్ధాంతగ్రంథములు వ్రాయవచ్చును. అంతకంటె ముందు చేయదగిన చిన్నపని యొకటి కలదు. సంస్థల నియమావళులను కావలివానికిని, డ్రైవరునకును బోధపడు తెలుగులోనికి తెచ్చుటకు భాషాపండితుల సహాయము అవసరము. మాదాపూరునుండి అట్టి పిలుపు వచ్చునని ఎదురుచూడక, కళాశాలలే ఆ సంస్థలకు వ్రాయుట ఉచితము. తెలుగులోనికి వచ్చిన నియమమును చదివి, ఇది అధ్యక్షునకు కూడ వర్తించునా అని ఒక కావలివాడు అడుగగలిగిన దినమున, ఆ పత్రము సమయమగుటకు మొదటి అడుగు పడినట్లు.